పెట్టె తిరిగే మలుపు

మా నతానియేలు మామ విసుక్కోకుండా చేసిన పని ఏదైనా ఉందంటే అది పుట్టడం ఒక్కటే. అదీ నేను చూడలేదు కాబట్టి ఊరికే ఒప్పుకుంటున్నాను. ఆయన తాపీ మేస్త్రి. గోడ వంకరపోతే విసుగు, పోకపోతే ఎందుకు పోలేదని విసుగు. కోపం హద్దు దాటితే చేతిలోని తాపీని విసిరేసేవాడు. విసిరిన దాన్ని వెతికి తెచ్చుకోవలసిందీ తానే గనక, తిరిగి వచ్చేసరికి కోపం రెండింతలయ్యేది. ఒకసారి ఆయన విసిరిన తాపీ కంభం స్టేషన్లో దొరికిందని మావాళ్ళు చెప్పుకుంటారు. నేను నమ్మను. తర్లుపాడు దాకా వెళ్ళి ఉంటుంది, అంతే.

వాళ్ళ నాయన నల్లమలలో రైలు వంతెనలకు రాయి చెక్కినవాడు. ఆ చెయ్యి కొడుక్కి వచ్చింది. చదువు మాత్రం మిషను బడిలో మూడో తరగతి దగ్గర ఆగింది. పంతులు గీసిన గీత వంకరగా ఉందని పంతులుకే చెప్పాడు, అందుకని. ఆ మూడు తరగతులతోనే ఆయన ఒక కొండవాలు మీద ఇరవై ఎనిమిది ఇళ్ళు నిలబెట్టాడు. ఆయన గురించి చెప్పుకోవలసింది ఆ ఇళ్ళ సంగతే. మిగిలిన జీవితమంతా అన్నం తిన్నాడు, విసుక్కున్నాడు, ఆదివారం ప్రార్థనకు వెళ్ళి అక్కడా విసుక్కున్నాడు.

అది 1937. మార్కాపురానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఒక పలకల గనిలో మావాళ్ళందరూ పనిచేసేవారు. మగవాళ్ళు రాయి పగలదీస్తే ఆడవాళ్ళు దాన్ని పొరలు పొరలుగా విడదీసేవారు. నేను పలకలకు చెక్క చట్రాలు బిగించేవాణ్ణి. గని పక్కనే అందరం గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళం. ఆ ఏడు మాఘమాసంలో మా గుడిసెల కింద నాణ్యమైన రాయి ఉన్నట్టు బయటపడింది. ఇరవై ఏళ్ళుగా దాని మీద పడుకుని, దాని మీదే గంజి వార్చి, ఎవరికీ తెలియలేదు. తెలిసిన మర్నాడే గని గుమాస్తా నిత్యానందం గొడుగు వేసుకుని వచ్చాడు.

"గుడిసెలు తియ్యాల. షావుకారు కొండవాలు మీద జాగా ఇస్తా ఉన్నాడు. మృగశిర కార్తె లోపల ఇరవై ఎనిమిది కుటుంబాలూ ఆ హద్దుల్లోనే రాతి ఇళ్ళు కట్టుకొని ఉండాల. చోటు చాలక ఎవరన్నా మిగిలితే వాళ్ళు గిద్దలూరు పక్క కొత్త గనికి పోవాల."

"మిగిలితే ఎవరు మిగులుతారు?" అని మామ అడిగాడు.

నిత్యానందం జాబితా తీశాడు. "అడుగు నుంచి చూసుకుంటా వస్తాం. అడుగున ఉండేది యాకోబు."

యాకోబు కాలు మీద మూడేళ్ళ కిందట బండ పడింది. అప్పటినుంచి కర్ర ఊతంతో వాకిట్లోకి రావడమే ఆయనకు ప్రయాణం. భార్య ఒక్కతే కూలికి వెళ్ళేది. ఇక్కడైతే ఇరుగుపొరుగు గిన్నెడు సంగటి పంపేవాళ్ళు, ఎవరో ఒకరు వీపున వేసుకుని ప్రార్థనకు తీసుకెళ్ళేవాళ్ళు. గిద్దలూరు పక్క ఆయనకు ఒక్క ముఖం కూడా తెలియదు. ఇది నిత్యానందానికీ తెలుసు. అయినా జాబితా జాబితాయే.

"యాకోబు యాడికీ పోడు," అన్నాడు మామ. "ఇరవై ఎనిమిదంటే ఇరవై ఎనిమిది కడతా. ఒక్కటి తగ్గితే నా పేరు మార్చుకుంటా."

"ఏమని మార్చుకుంటావు మేస్త్రీ?"

"నిత్యానందమని. అంతకంటే సిగ్గుచేటు పేరు నాకు తెల్దు."

ఆ జాగా చూస్తే ఆ పందెం ఎవరూ కాయరు. కింద బండ్లబాట. పైన అటవీశాఖ వాళ్ళ హద్దురాళ్ళు. పడమర నిటారుగా లేచిన బండ. తూర్పున గొర్రెల కాపరి మాల్యాద్రి దొడ్డి. ఈ నాలుగింటి మధ్య వాలు మిగిలింది. దాని వాలుదనం ఎలాంటిదంటే, అక్కడ కూర్చుని చుట్ట ముట్టించిన మనిషి అది ఆరేలోపు రెండు గజాలు కిందికి జారి ఉండేవాడు. మాటల్లో పడ్డాడా, బండ్లబాట మీద తేలేవాడు. విడివిడిగా వాకిళ్ళు వదిలి కడితే పద్నాలుగు ఇళ్ళు పడతాయేమో.

మామ ఆ వాలు ఎదురుగా రెండు రోజులు కూర్చుని, దాన్నీ, దాన్ని సృష్టించినవాణ్ణీ కలిపి విసుక్కున్నాడు. మూడోరోజు లేచి, కొండను నాలుగు మెట్లుగా కోస్తానన్నాడు. ఒక్కో మెట్టు మీద ఏడేసి ఇళ్ళు, గోడకు గోడ ఆనుకుని. మా ప్రాంతంలో ఇళ్ళన్నీ మిద్దెలే కదా, రాతి గోడల మీద దూలాలు, దూలాల మీద పలకబండలు, వాటి మీద చవుడు మన్ను. మిద్దె పైకప్పు నేలలాగే చదునుగా ఉంటుంది. కింది వరుస మిద్దె పై వరుసకు వాకిలి అవుతుంది. అంటే వాకిలి కోసం జానెడు నేల కూడా ఖర్చు కాదు. అందరూ ఎక్కి దిగడానికి ఒకే ఒక మెట్ల సందు, మూడున్నర అడుగుల వెడల్పున. వాలు మరీ నిటారు గనక సందును నేరుగా దింపడానికి లేదు. ఇళ్ళ మధ్య నుంచి మూడు మలుపులు తిరిగి బండ్లబాటలో కలుస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన చేసిన తప్పు, ఈ విషయం మనుషులకు చెప్పడం.

"మా నెత్తిన ఇంకొకరు నడుస్తారా?" అన్నాడు రాయి పగలదీసే పౌలు.

"నువ్వు ఇంకొకరి నెత్తిన నడుస్తావు గదా. చెల్లుకు చెల్లు."

"నాకు కింది వరుస వస్తే నేనెవరి నెత్తిన నడిచేది?"

"భూమి నెత్తిన నడువు. అది ఏమీ అనుకోదు."

ఆడవాళ్ళకు రోలు గురించి దిగులు. పైన దంచితే కింద గంజిలో మన్ను రాలుతుందని. రోలును మిద్దె నడుమ పెట్టకుండా గోడ నెత్తిన పెట్టుకుంటే దెబ్బంతా రాతిలోకి దిగిపోతుందని మామ పదకొండుసార్లు చెప్పాడు. కింది వరుసకు నీళ్ళు దగ్గరని నోరు జారితే అందరూ కింది వరుసే అడిగారు. పై వరుసకు గాలి బాగా వస్తుందని సర్దబోతే అందరూ పైకి ఎక్కారు. నడుమ రెండు వరుసలకు ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు, తాపీ విసిరాడు. చివరికి ప్రార్థన గుడిలో చీట్లు వేసి పంచారు. మామకు అన్నిటికంటే పై వరుస వచ్చింది. యాకోబుకు పై నుంచి మూడో వరుసలో, మూడో మలుపు పక్కనే ఇల్లు వచ్చింది.

ఇక పటం. కాగితం మీద గీస్తే సగం మందికి కనబడదు, గాలికి ఎగిరిపోతుంది. మేముండేదేమో పలకల గని. మామ నాలుగడుగుల పలకను ఒకటి దింపించి, బలపంతో ఇరవై ఎనిమిది గదులూ గీసి, గుడి గోడకు ఆనించి పెట్టాడు. ఎవరి ఇల్లు ఎక్కడో అందరూ చూసుకోవచ్చని. పలకను పుట్టించి, పలక మీద బతికే మనుషుల ముందు, తుడిస్తే పోయే గీతలు పెట్టడం ఎలాంటి పనో ఆయనకు తట్టలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ మాకెవరికీ తట్టలేదు.

వారంలో ఇళ్ళు కదలడం మొదలుపెట్టాయి.

నీళ్ళకు వెళ్తూ ఒకావిడ ఆగుతుంది. వేలు తడిచేసి తన గోడ గీతను చెరిపి, రవ్వంత పక్కగా గీస్తుంది. రవ్వంతే. సాయంత్రం పక్కింటావిడ వచ్చి, తన ఇల్లు చిక్కిపోయిందని గుండె బాదుకుని, తన గీతను అవతలికి జరుపుతుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళు పలక చుట్టూ చేరి వాతావరణం గురించి మాట్లాడుకునేవారు. మాట్లాడి వెళ్ళేసరికి అందరి వేళ్ళకూ బలపం తెల్లదనం. ఎనిమిదోరోజుకు యాకోబు ఇల్లు దువ్వెన అంత సన్నమైంది. పదోరోజుకు అది ఇల్లు కాదు, రెండు గీతలు. పన్నెండోరోజు ఒకే గీత.

ఆ రోజు మామ పలక ముందు నిలబడి ఇళ్ళు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై ఏడు.

"యాకోబు ఇల్లు ఎవరు తినినారు?"

ఆయన చూపు తన ఇంటి గది మీద పడింది. అదీ ఒళ్ళు చేసి ఉంది. వెనక్కి తిరిగి భార్యను చూశాడు. మా సరోజమ్మత్త కొంగుకు వేలు తుడుచుకుంటోంది.

"నువ్వు గూడానా!"

"అందరూ జరుపుకుంటా ఉంటే మనది జరగకపోతే చేతగానోళ్ళం అనుకోరా? వంటగదే. రవ్వంత."

"ఆ రవ్వంతలన్నీ కలిపితే ఒక కుంటోడి ఇల్లు పోయినాది! నేలలో గూడా జరుపుతారా? మాల్యాద్రిని గొర్రెల్ని నెత్తినెత్తుకొని నిలబడమని చెప్పేదా?"

ఆ తర్వాత మూడు రోజులు ఆయన ఆ పలకను వదలలేదు. పటాన్ని మళ్ళీ కొలిచి గీసి, ఉలి తీసుకుని ఆ గీతలన్నిటినీ పలకలోకి చెక్కేశాడు. అంగుళంలో పదోవంతు లోతున. చెక్కడం అయ్యాక గుడి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చి, అలవాటుగా వేలు తడిచేసి రుద్ది, వేలు చూసుకుని, ఆయన ముఖం చూసి వెళ్ళిపోయారు. నా ఎరుకలో మామ నవ్వింది ఆ సాయంత్రం ఒక్కటే. అది కూడా పళ్ళు నొప్పిగా ఉన్నట్టు కనిపించింది.

ఆదివారం మా ప్రకాశరావు పంతులు, గుడి నడిపే పెద్దాయన, ఈ చెక్కుడు పలకను చూపించి, కొండ మీద మోషేకు దేవుడు రాతి పలకలిచ్చిన సంగతి గంటన్నర చెప్పాడు. రాతిలో చెక్కిన దాన్ని మార్చడం పాపమన్నాడు. మామకు సాయం చేద్దామనే అన్నాడు పాపం. జనం మాత్రం అది మనసుకు బాగా పట్టించుకున్నారు.

మర్నాడు పొద్దున జ్ఞానమ్మవ్వ వచ్చింది.

జ్ఞానమ్మవ్వ మామకు పిల్లనిచ్చిన అత్త. డెబ్భై ఏళ్ళు. మొగుడు పోయాక కూతురింట్లోనే ఉంటోంది. అల్లుడింట్లో ఉన్నాననే మొహమాటం ఆవిడకు ఒక్కరోజు కూడా లేదు. పలక మీద సందు గీతను వేలితో వెంబడించి, మొదటి మలుపు దగ్గర ఆగింది.

"అల్లుడా, ఈ మలుపులో నా పెట్టె ఎట్ల తిరుగుతాది?"

"ఏం పెట్టె?"

"సంఘం పెట్టె."

మా సంఘానికంతా కలిపి ఒకే శవపెట్టె ఉండేది. టేకుది. ఎవరు పోయినా అందులోనే మోసుకెళ్ళి, దేహాన్ని దుప్పటితో గుంటలోకి దించి, పెట్టెను తుడిచి మళ్ళీ గుడిలో పెట్టేవారు. దాన్ని చేయించింది ఒకప్పటి మిషను దొరగారు. ఆయన తాటిచెట్టు లాంటి మనిషి. తన కొలతకే చేయించి, తర్వాత మనసు మార్చుకుని ఓడెక్కి సీమకు వెళ్ళి చచ్చిపోయాడు. అందుకని మా వాళ్ళందరూ ఆరున్నర అడుగుల పెట్టెలో ఇటూ అటూ దొర్లుకుంటూ పైలోకానికి వెళ్ళేవారు.

"అప్పటికి చూసుకుందాంలే అత్తా."

"మీ మామకు గూడా అట్లనే చూసుకున్నారు గదా!" అంది అవ్వ. "గుడిసెల సందులో పెట్టె తిరగలేదని నిలబెట్టినారు. చచ్చినోడిని నిలబెట్టినారు నాయనా! లోపల మోకాళ్ళు మడతపడి తల పోయి చెక్కకు కొట్టుకునింది. టక్, టక్ అని రెండుసార్లు. తలుపు తీయమన్నట్టు. నేను వెనకాలే నడస్తా ఉన్నా. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలోనే ఉండాది. నన్ను నిలబెట్టొద్దు. అంతే. ఇంకేమీ అడగను."

ఇంకేమీ అడగనన్న మనిషి ఆ తర్వాత రోజుకు నాలుగుసార్లు అదే అడిగింది.

నాకు చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టరమ్మ బెత్తంతో ఎక్కించిన జామెట్రీ ఉంది. జీవితంలో మొదటిసారి అది పనికొచ్చే వేళ వచ్చిందని లెక్క వేసి చూపించాను. రెండడుగుల వెడల్పున్న ఆరున్నర అడుగుల పెట్టె మూడున్నర అడుగుల మలుపులో తిరగదు. సందు మరో మూడంగుళాలు వెడల్పుంటే తిరుగుతుంది. వరుసకు ఏడిళ్ళు. ఇంటికి అరంగుళం కంటే తక్కువ వదులుకుంటే చాలు.

ఇంటికి అరంగుళం! బియ్యపు గింజంత! మామ గుడి దగ్గర అందరినీ నిలబెట్టి అడిగాడు.

"రాతిలో చెక్కినాక మార్చగూడదు గదా మేస్త్రీ," అన్నాడు పౌలు, కళ్ళు సగం మూసుకుని భక్తిగా.

"పాపం తగులుతాది," అంది ఇంకో ఆవిడ. పన్నెండు రోజుల్లో అందరికంటే ఎక్కువ గీతలు చెరిపింది ఆవిడే.

"పంతులూ!" అని మామ ప్రకాశరావు మీదికి తిరిగాడు.

పంతులు అటూ ఇటూ చూసి, "నేను చెప్పింది పది ఆజ్ఞల గురించి నతానియేలూ," అన్నాడు.

"ఇప్పుడు ఇది పదకొండోది అయి కూర్చునింది! నువ్వే దించు దాన్ని!"

ఎవరూ దించలేదు. మామకు మిగిలిన దారి ఒకటే, మూడో మలుపు పక్కనున్న ఇల్లు తీసేయడం. ఆ ఖాళీలోంచి సందును ఏటవాలుగా దింపితే ఇరుకు మలుపులు ఉండవు. అది యాకోబు ఇల్లు. ఈ మాట ఎవరో యాకోబు చెవిన వేశారు కూడా. ఆయన కర్ర ఊతంతో వాకిట్లోకి వచ్చి, "అవ్వ అడిగింది తప్పు కాదులే మేస్త్రీ. నేను పోతా," అన్నాడు.

"నువ్వు నోరు మూసుకో!" అని మామ అరిచాడు. "ఒకరు అరంగుళం ఇయ్యరు. ఒకరు ఇల్లే ఇచ్చేస్తా అంటారు. సగం సగం బుద్ధి ఉన్నోడు ఒక్కడన్నా పుట్టలేదా ఈ సంఘంలో?"

అప్పటికి పునాదుల కోసం మేకులు కొట్టి తాళ్ళు కట్టి ఉన్నాయి. మలుపు లెక్కలు తాడు మీద తేల్చుకుందామని అవ్వే అంది. పెట్టెను తెమ్మంది. బతికినవాళ్ళకు పెట్టె ఇచ్చే రూలు లేదని పంతులు ఒప్పుకోలేదు. సరేనని మలుపుల్లో నిలువెత్తు గుంజలు పాతి, తాళ్ళను భుజాల ఎత్తుకు లేపి, నులక మంచం తెచ్చి, అటూ ఇటూ వెదురు కట్టి పెట్టె కొలతకు పొడవు చేశాం. అవ్వ కొప్పు సర్దుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి మంచం మీద పడుకుంది. చేతులు గుండెల మీద పెట్టుకుంది.

నలుగురం భుజాలకెత్తుకున్నాం. ముందు ఎడమవైపు నేను. ఇప్పటికీ నా ఎడమ భుజం కుడి దానికంటే అంగుళం కిందికి ఉంటుంది. చొక్కాలు కుట్టే రంగయ్యను అడగండి.

ఊరంతా వాలు మీద చేరింది. అవ్వ కళ్ళు మూసుకునే ఆజ్ఞలు వేస్తోంది. "నిదానం. తలకాయ పైకి. పౌలూ, ఎందుకురా అట్ల ఊపుతావు, సంగటి కలుపుతా ఉండావా?"

"అవ్వా, చచ్చినోళ్ళు మాట్లాడరు," అన్నాడు పౌలు.

"చచ్చినాక నేను మాట్లాడకపోతే మీరు యాడ పడేస్తారో! పదండి."

మొదటి మలుపులో మంచం మూల తాడుకు తగిలి ఆగింది. వెనక్కి లాగాం, పక్కకు వంచాం. అవ్వ జారి పక్క వెదురు పట్టుకుంది. తిరగలేదు. రెండోదీ అంతే. మూడో మలుపులో వెనక్కి జరిగి జరిగి నలుగురం మాల్యాద్రి దొడ్డి కంపలో పడ్డాం. ముళ్ళు నా వీపున, పౌలు వీపున. అవ్వ మాత్రం మంచం మీదే. "చూసినారా?" అంది ఆకాశంకేసి. "చూసినారా, నేను చెప్పలా?"

మామ తాపీ విసిరాడు. అది వెళ్ళి దొడ్డి గవిని దగ్గర, గొర్రెలు దూరే రాతి వాకిట్లో, పడింది. తెచ్చుకోవడానికి వెళ్ళాడు. మామూలుగా వెళ్ళినవాడు రెండింతల కోపంతో రావాలి. రాలేదు. గవిని రాళ్ళ దగ్గర వంగి చూస్తూ ఉండిపోయాడు.

"ఏంది మేస్త్రీ, గవిని మీద పడిందా నీ కన్ను?" అన్నాడు మాల్యాద్రి, గొర్రెల వెనక నుంచి. "అంగుళం ఇయ్యనని ముందే చెప్పినా."

"ఈ రాయి నడుమ గుంట ఎవరు చెక్కినారు?"

"ఎవరు చెక్కుతారు? గొర్రెలే. మా తాత నాటి గవిని. గొర్రె కాళ్ళ కాడ సన్నం, వీపు కాడ సన్నం. కడుపు కాడ లావు. పోతా వస్తా అక్కడే రాపాడిచ్చి అరగదీసినాయి. కిందా పైనా రాయి అట్లనే ఉంది."

మామ నేల మీద చతికిలపడ్డాడు. "గొర్రెలకున్న తెలివి..." అని ఆగిపోయాడు. ఎవరికి లేదో చెప్పలేదు. తనను కూడా కలపవలసి వస్తుందనుకుంటాను.

పెట్టెను మోసేది భుజాల మీద. దానికి అడ్డం వచ్చేది భుజం ఎత్తున ఉన్న గోడ మూల ఒక్కటే. మోకాళ్ళ దగ్గర గోడ ఎక్కడుంటే ఏం, నెత్తి పైన ఎక్కడుంటే ఏం? గోడ మందం అడుగున్నర. మలుపు మూలలో, నడుము ఎత్తు నుంచి నిలువెత్తు దాకా, జానెడు లోపలికి గూడులాగా వదిలి, పైన పెద్ద రాయి అడ్డం వేస్తే సరి. కింద గోడ తన చోటే ఉంటుంది. మిద్దె తన చోటే ఉంటుంది. ఇంటి లోపల అంగుళం తగ్గదు. అన్నిటికంటే ముఖ్యం, చెక్కిన పలక మీద ఒక్క గీత కూడా మారదు. పదకొండో ఆజ్ఞ క్షేమం.

"ఇంత సేపా అల్లుడా ఇది తోచడానికి?" అంది అవ్వ, మంచం మీద లేచి కూర్చుని.

మామ ముఖం ఏ రంగుకు తిరిగిందో వర్ణించడానికి నాకు భాష చాలదు.

మూడు నెలలు ఊరంతా రాయి మోసింది. గనిలో పనికిరాని పలకబండలన్నీ కప్పులకెక్కాయి. రోళ్ళు గోడల నెత్తికెక్కాయి. మృగశిర కార్తెకు రెండు రోజుల ముందు నిత్యానందం జాబితా పట్టుకుని వచ్చాడు. కింది నుంచి పైకి లెక్కపెట్టాడు, ఇరవై ఎనిమిది. పై నుంచి కిందికి, ఇరవై ఎనిమిది. మూడో వరుసలో కొత్త గడప మీద యాకోబు కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నిత్యానందం ఆయన పేరు పక్కన గీత పెట్టి, దిగిపోతూ మూడో మలుపు గూటిని చూసి ఆగాడు.

"ఇదేంది మేస్త్రీ, గోడ సగంలో తినేసినావు?"

"గొర్రెల పని," అన్నాడు మామ.

ఆ గూళ్ళను జనం ఊరికే ఉంచలేదు. నీళ్ళు మోసుకుంటూ ఎక్కే ఆడవాళ్ళు కడవను గూట్లో దించి ఊపిరి తీసుకునేవారు. ఎవరో దీపం పెట్టారు. ఎవరో కోడిని పొదగేశారు. అవ్వ కర్ర పుచ్చుకుని రోజూ దిగి వచ్చి, "నా దారిలో కోడేంది?" అని తగాదా పడేది. మూడు మలుపులూ ఖాళీగా ఉన్నాయని చూసుకుంటే గానీ గంజి తాగేది కాదు. నాలుగేళ్ళు మామ ఈ తగాదాలు తీర్చాడు. ఇల్లు కట్టినదానికంటే అదే ఎక్కువ పనైందని చెప్పేవాడు.

నాలుగో ఏడు ఎండాకాలంలో అవ్వ త్రిపురాంతకంలోని పెద్దకూతురింటికి పదిరోజులుండి వస్తానని వెళ్ళి, ఆరోరోజు పొద్దుగూకే వేళ అక్కడే పోయింది. చదునైన ఊరు. ఇంటి ముందు ఆరు బండ్లు పక్కపక్కన తిరిగేంత వీధి. సమాధుల తోట ఇంటికి కూతవేటు. రాత్రికి రాత్రే కబురు తెలిసి మామా, సరోజమ్మత్తా, నేనూ అందిన బండి పట్టుకుని వెళ్ళేసరికి అక్కడివాళ్ళు గుంట తవ్వడానికి పలుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

మామ వాకిట్లో నిలబడి ఆ వీధినంతా ఒకసారి చూశాడు.

"ఈడనా?" అన్నాడు. "ఈ బయల్లోనా?"

"ఏమైంది తమ్ముడూ?" అన్నాడు ఆ ఇంటాయన, మామకు తోడల్లుడు.

"నా చేత మూడు మలుపులు కట్టించినాది. నలుగురిని కంపలో పడేసినాది. నాలుగేండ్లు కోళ్ళతో, కడవలతో నా ప్రాణం తీసినాది. అంతా చేసి, మలుపే లేని ఊరొచ్చి చస్తాదా? కుదరదు. బండి కట్టు."

ఎవరెంత చెప్పినా వినలేదు. ఎండలో ఇరవై అయిదు మైళ్ళు. తెల్లవారగానే బయలుదేరాం. వేపాకు పరిచి, తడిగుడ్డలు కప్పి, ప్రతి బావి దగ్గరా ఆగి మళ్ళీ తడిపి. దారి పొడుగునా మామ బండి పక్కన నడుస్తూ అవ్వతో తగాదా పడుతూనే ఉన్నాడు. ఆవిడ మారుమాట చెప్పకపోవడం ఆయనకు మరీ కష్టంగా ఉన్నట్టుంది. అప్పుడప్పుడు ఆగి ఎదురుచూసేవాడు.

ఎండ తగ్గే వేళకు వాలు కింద చేరాం. సమాధుల తోట బండ్లబాట పక్కనే. అక్కడే దించవచ్చు. పంతులు ఆ మాటే అన్నాడు. మామ ఆయన వంక చూసిన చూపుకి పంతులు పెట్టె తేవడానికి పరుగెత్తాడు. అవ్వను ఇంటిదాకా పైకి తీసుకెళ్ళి, సరోజమ్మత్త ఉతికిన చీర కట్టాక, సంఘం పెట్టెలో పడుకోబెట్టాం. నాలుగేళ్ళ కిందట మంచం మోసిన నలుగురమే భుజాలకెత్తుకున్నాం.

ఇరవై ఎనిమిది ఇళ్ళవాళ్ళూ మిద్దెల మీద నిలబడ్డారు. చెప్పకుండానే ఎవరో గూళ్ళలోని కడవలూ, దీపాలూ, కోళ్ళూ తీసేశారు. మొదటి మలుపులో పెట్టె మూల గూట్లోకి వెళ్ళి, తిరిగి, బయటికి వచ్చింది. రెండోదీ అంతే. మూడో మలుపు దగ్గర యాకోబు గడప మీద లేచి నిలబడ్డాడు, కర్ర లేకుండా, గూటి పై రాయి పట్టుకుని. పెట్టె ఆయన చేతి కిందుగా గూట్లోకి దూరి, రాతికి వెంట్రుకవాసిలో, పడుకున్నది పడుకున్నట్టుగా తిరిగింది.

మామ వెనకాలే నడుస్తున్నాడు. చెవి పెట్టెకేసి వంచి వింటున్నాడు. నేనూ విన్నాను. లోపల ఏ చప్పుడూ లేదు.

"తిరిగినాది," అన్నాడు మామ విసుగ్గా. "చూసుకున్నావా అత్తా? ఇంక పో."